తేదీలు లేని యాత్ర, తేదీలు గల తీరం

సొంత నౌకలో సముద్ర విహారం అనగానే మన మనస్సుకు మొదట తోచేది ఐశ్వర్యం. ఆ భావన నిరాధారమైనది కాదు. ‘యాట్’ అనే మాట డచ్చి భాషనుండి పుట్టినది. వేట అనే అర్థంగల పదం దానికి మూలం. వేగంగా వెంబడించటానికి డచ్చివారు కట్టుకొన్న తేలిక ఓడలకు మొదట ఆ పేరు ఉండేది. 1660లో రెండవ చార్లెస్ రాజు ప్రవాసం ముగించుకొని ఇంగ్లండుకు మరలివచ్చినప్పుడు ఆమ్‌స్టర్‌డాము నగరంవారు ఆయనకు ‘మేరీ’ అనే యాట్‌ను కానుకగా ఇచ్చినారు. అప్పటినుండి అది రాజుల వేడుక. పందొమ్మిదవ శతాబ్దంలో ఆవిరియంత్రాలు వచ్చిన తరువాత అది కోటీశ్వరుల వేడుక కూడ అయినది. ఇంగ్లండుకు చెందిన బ్రాసీ దంపతులు ‘సన్‌బీమ్’ అనే నౌకలో 1876-77లో భూమిని చుట్టివచ్చినారు. పదేళ్ళ తరువాత అదే నౌకలో మన దేశపు రేవులను చూచి ఆస్ట్రేలియావరకు వెళ్ళినారు. ఆ తిరుగు ప్రయాణంలో, 1887 సెప్టెంబరులో, శ్రీమతి బ్రాసీ నౌకలోనే మరణించగా సముద్రంలోనే ఆమెకు అంత్యక్రియలు జరిగినవి.

అటువంటి నౌకకు బాయిలరు కావలె, బొగ్గు కావలె, బొగ్గు వేయటానికి, తెరచాప ఎత్తటానికి పదులకొలది మనుషులు కావలె. ఈ స్థితిని మార్చినది పెట్రోలు యంత్రం. 1886లో జర్మనీలోని నెకార్ నదిమీద డైమ్లర్, మేబాక్ అనే ఇంజనీర్లు ఒక చిన్న పడవకు తమ యంత్రాన్ని బిగించి నడిపి చూచినారు. ఆ తరువాత నలభై ఏళ్ళలో మరపడవ సామాన్య గృహస్థులకు కూడ అందుబాటులోనికి వచ్చినది. ఒక్క మనిషి, అది ఆడమనిషి అయినా సరే, యంత్రాన్ని తానే బాగుచేసికొంటూ, చుక్కాని తానే పట్టుకొని, వందల మైళ్ళ తీరం వెంబడి పోగలిగిన కాలం వచ్చినది. అటువంటి ఒక పడవ కథను, ఆ పడవ పోయిన తీరం కథను కలిపి మీ ముందుంచటం మా ఉద్దేశం. ఈ రెండు కథలూ ఒకటి కావు. వాటికి మధ్యనున్న ఎడమే మనం చూడవలసినది.

ఆ తీరం కెనడా దేశానికి పడమటి అంచున, పసిఫిక్ మహాసముద్రంమీద ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రపు తీరం. మన దేశీయులకు ఆ ప్రాంతం పేరు ‘కోమగతా మారు’ ఓడవల్ల తెలిసినదే. 1914లో 376 మంది భారతీయులతో వాంకూవర్ రేవు చేరిన ఆ ఓడను రెండు నెలలు నీటిమీదనే నిలిపివేసి, కొద్దిమందిని తప్ప దిగనీయక, చివరకు వెనుకకు పంపివేసినారు. ఎవరు ఆ ఒడ్డున దిగవచ్చును, ఎవరు దిగరాదు అన్న ప్రశ్న ఆ తీరానికి కొత్తది కాదు.

పటంలో ఆ తీరాన్ని చూచినవారికి అది చినిగిన గుడ్డ అంచువలె కనిపిస్తుంది. పూర్వం హిమానీనదాలు కొండలను కోసుకొని పోగా ఏర్పడిన లోయలలోనికి సముద్రం ప్రవేశించి, పదుల మైళ్ళు లోపలికి పాయలుగా చొచ్చుకొనిపోయినది. ద్వీపాలు వేలకొలది ఉన్నవి. వాటి అంచులు కూడ కలుపుకొంటే తీరరేఖ పొడవు దాదాపు 25,000 కిలోమీటర్లు. పాయకు ఇరువైపులా కొండలు నిటారుగా నీటిలోనికి దిగుతవి. జెర్విస్ అనే పాయలో నీటి లోతు కొన్ని చోట్ల ఏడు వందల మీటర్లను మించినది. ఒడ్డుకు పడవ పొడవంత దూరంలో ఉన్నా లంగరు అందనంత లోతు ఉండే చోట్లు అక్కడ అనేకం.

అక్కడ ప్రయాణానికి ఆటుపోట్లే పంచాంగం. జెర్విస్ పాయనుండి చీలిన ప్రిన్సెస్ లూయిసా అనే చిన్న పాయకు ఒక ఇరుకైన ద్వారం ఉన్నది. దానిని మాలిబు అంటారు. ఆటు సమయంలో లోపలి నీరంతా ఆ సందులోనుంచి ఏటి వరదవలె బయటకు దూకుతుంది. పోటు ముగిసి ఆటు మొదలుకాకముందు నీరు కొద్ది నిమిషాలు కదలక నిలుస్తుంది. పడవ దాటవలసినది అప్పుడే. వాంకూవర్ ద్వీపానికీ క్వాడ్రా ద్వీపానికీ నడుమనున్న సేమూర్ ఇరుకులో ప్రవాహం గంటకు పదిహేను మైళ్ళ వేగాన్ని అందుకొంటుంది. దాని నడిమధ్యన నీటిలో దాగిన ‘రిపిల్ రాక్’ అనే బండ నూరు మందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. 1958 ఏప్రిల్ 5న పన్నెండు వందల టన్నులకు పైగా మందుగుండుతో దాని శిఖరాలను పేల్చివేసినారు. ఆ దృశ్యాన్ని కెనడా టెలివిజన్ దేశమంతటికీ ప్రత్యక్షంగా ప్రసారం చేసినది.

ఇట్టి నీటిలో 1920ల చివరినుండి అనేక వేసవులు ‘కాప్రీస్’ అనే మరపడవ తిరిగినది. దాని పొడవు ఇరవై అయిదు అడుగులు. మన ఇళ్ళలో ఒక పెద్ద వసారాకన్న ఎక్కువ కాదు. దానిని నడిపినది మ్యూరియల్ వైలీ బ్లాంచెట్ అనే వితంతువు. ఆమె మాంట్రియల్‌లో పుట్టి, కుటుంబంతో పడమటికి వచ్చి, వాంకూవర్ ద్వీపంలో స్థిరపడినది. 1920లలో భర్త మరణించగా అయిదుగురు పిల్లలతో మిగిలినది. వేసవి రాగానే తన ఇంటిని అద్దెకు ఇచ్చి, పిల్లలను పడవ ఎక్కించుకొని బయలుదేరేది. ఆ అద్దె ఇంటి ఖర్చుకు ఆసరా. చేప, ఆల్చిప్ప, అడవిపండు సముద్రమూ అడవీ ఇచ్చేవి. యంత్రం మొరాయిస్తే ఆమెయే విప్పి సరిచేసేది. పిల్లలకు చదువు కూడ తల్లియే చెప్పినది. ఈ యాత్రల జ్ఞాపకాలను ఆమె ‘ది కర్వ్ ఆఫ్ టైమ్’ అనే పుస్తకంగా వ్రాయగా 1961లో అది వెలువడినది. ఆ సంవత్సరమే ఆమె కన్నుమూసినది. ఆ తీరంలో పడవ నడిపేవారి ఇళ్ళలో నేటికీ ఆ పుస్తకం ఉంటుంది.

ఈ పుస్తకంలో ఒక విశేషం ఉన్నది. దానిలో తేదీలు దాదాపుగా లేవు. ఎన్నో వేసవులు కలిసి ఒకే వేసవిగా కనిపిస్తవి. పిల్లలు ఒక అధ్యాయంలో పెద్దవారు, తరువాతి అధ్యాయంలో చిన్నవారు. కాలం నేరుగా పోక వంపు తిరుగుతుందన్న భావన ఆ గ్రంథ నామంలోనే ఉన్నది. ఆనందానికి తేదీలు అక్కరలేదు గనుక రచయిత్రి చేసినది తప్పు కాదు. కాని ఆ పడవ పోయిన తీరానికి తేదీలు ఉన్నవి. వాటిని పక్కన పెట్టుకొని చదివితే అదే యాత్ర మరొక విధంగా కనిపిస్తుంది. ఆ తేదీలను వరుసగా చూతము.

మొదటిది 1792. బ్రిటిషు నౌకాదళానికి చెందిన కెప్టెన్ జార్జి వాంకూవర్ ‘డిస్కవరీ’, ‘చాతం’ అనే రెండు ఓడలతో ఆ తీరాన్ని కొలవటానికి వచ్చినాడు. అమెరికా ఖండాన్ని అడ్డంగా దాటే జలమార్గం ఉన్నదా అన్నది ఆనాటి ప్రశ్న. పెద్ద ఓడలు పాయలలోనికి పోలేవు గనుక నావికులు చిన్న పడవలు వేసికొని, తెడ్లు వేస్తూ, ప్రతి పాయ కొసవరకు పోయి వచ్చినారు. 1792నుండి మూడు వేసవులు ఈ పని సాగినది. మార్గం లేదని తేలినది. ఆయన పటాలు ఎంత సరియైనవంటే తరువాతి తరాల నావికులు చాలకాలం వాటినే నమ్ముకొన్నారు. బ్లాంచెట్ కుటుంబం కూడ వాంకూవర్ యాత్రాగ్రంథాన్ని పడవలో పెట్టుకొని, ఆయన ఎక్కడ ఆగినాడో, ఏమి చూచినాడో పోల్చి చూచుకొంటూ ప్రయాణం చేసినది. మాలిబు ద్వారం ముందునుంచి పోయిన వాంకూవర్ దానిని ఒక ఏటి మొగగా భావించి లోపలికి పోకుండానే సాగిపోయినాడు. లోపల మంచుకొండల నడుమ జలపాతాలతో నిండిన ఆ పాయ ఆయన కంట పడలేదు. ఎంత నిపుణుడైన పరిశీలకుడికైనా నీరు ఎదురుగా వస్తున్న సమయంలో ద్వారం ద్వారంగా కనిపించదు.

అయితే వాంకూవర్ గమనించి వ్రాసినది ఒకటి ఉన్నది. దక్షిణాన తాను దిగిన కొన్ని చోట్ల పాడుబడిన గ్రామాలను, ఇసుకమీద చెదరిపడిన పుర్రెలను, ఎముకలను ఆయన చూచినాడు. ముఖాలమీద మశూచి మచ్చలు గలవారు కొందరు ఎదురైనారు. ఈ ప్రాంతంలో ఒకప్పుడు జనసంఖ్య మరింత ఎక్కువగా ఉండియుండవలెనని ఆయన ఊహించినాడు. అది నిజం. ఐరోపా ఓడలు ఆ పాయలలోనికి రాకముందే, సుమారు 1780ల ఆరంభంలో, మశూచి వచ్చి పోయినది. అంటే తొలి పటం గీచిన రోజునాటికే ఆ తీరం సగం ఇంటిల్లిపాదినీ పోగొట్టుకొన్న ఇల్లు. ఆ దిగులు వాతావరణంలో ఒక అందమైన ద్వీపసమూహానికి ఆయన ‘డెసొలేషన్ సౌండ్’ అని పేరు పెట్టినాడు. శూన్యత అని దాని భావం. 1973లో అదే చోటు రాష్ట్ర ప్రభుత్వంవారి సముద్ర ఉద్యానవనం అయినది. వేసవి వచ్చిందంటే విహారనౌకలతో నిండిపోతుంది. పేరు మాత్రం శూన్యతయే.

రెండవ తేదీ 1862. ఆ సంవత్సరం శాన్‌ఫ్రాన్సిస్కోనుండి విక్టోరియా పట్టణానికి వచ్చిన ఒక ఓడతోపాటు మశూచి మరల దిగినది. పట్టణం చుట్టూ పని కొరకు, వ్యాపారం కొరకు వచ్చి గుడారాలు వేసికొన్న ఆదిమజాతులవారు వేలమంది ఉండేవారు. అంటురోగం కనబడగానే వారిని ఒకచోట ఉంచి చికిత్స చేయించటానికి బదులు, అధికారులు గుడారాలు కాల్పించి బలవంతంగా వెళ్ళగొట్టినారు. వారు తమ దోనెలలో తీరం వెంబడి స్వగ్రామాలకు పోయినారు. రోగం కూడ వారితో గ్రామగ్రామానికీ పోయినది. వేలకొలది జనం నశించినారు. కొన్ని ఊళ్ళు పూర్తిగా ఖాళీ అయినవి. మిగిలినవారు పొరుగు గ్రామాలలో చేరినారు. టీకా అనేది కనిపెట్టి అప్పటికి అరవై ఏళ్ళు దాటినదని మనం మరచిపోరాదు.

ఇక మూడవ తేదీకి వచ్చేముందు ఆ తీరపు జనుల జీవన విధానం కొంత చెప్పవలసి ఉన్నది. వాంకూవర్ ద్వీపపు ఉత్తరభాగంలోను, దానికి ఎదురుగా ఉన్న ద్వీపాలలోను క్వాక్వాలా భాష మాట్లాడే అనేక తెగలవారు ఉన్నారు. వారు తమను క్వాక్వకావాక్వ అని చెప్పుకొంటారు. ఎర్ర దేవదారు దూలాలతో, పలకలతో కట్టిన పెద్ద ఇళ్ళు, ఇంటి స్తంభాలమీద కుటుంబ చరిత్రను తెలిపే చెక్కడాలు, ఇవి వారి శీతకాలపు గ్రామాలు. వేసవిలో వారు అక్కడ ఉండేవారు కారు. సాల్మన్ చేపలు ఏళ్ళలోనికి ఎక్కే చోటికి, ఆల్చిప్పలు దొరికే చోటికి, పండ్లు పండే చోటికి పోయేవారు. చేపలను డబ్బాలలో నింపే కర్మాగారాలు వచ్చిన తరువాత వేసవి కూలికి అక్కడికి పోయేవారు. ఇంటికి తిరిగి వచ్చేది చలికాలానికి. కోతల కాలంలో ఇంటికి గొళ్ళెం పెట్టి పొలంలో గుడిసె వేసికొనే కుటుంబాలను ఎరిగిన మనకు ఇది వింతగా తోచదు. గొళ్ళెం పెట్టిన ఇల్లు దిక్కులేని ఇల్లు కాదు.

బ్లాంచెట్ తన పిల్లలతో ఒక వేసవిలో ఈ శీతకాలపు గ్రామాలను చూడటానికే పోయినది. వేసవి గనుక ఊళ్ళలో మనుషులు లేరు. తల్లీపిల్లలు ఆ పెద్ద ఇళ్ళలో, స్తంభాల నడుమ తిరిగి చూచినారు. ఆ అధ్యాయాలలో ఆశ్చర్యం ఉన్నది, గౌరవం ఉన్నది, కొంత భయం కూడ ఉన్నది. కాని చదివేవారికి మొత్తంమీద కలిగే భావన ఏమంటే, ఇది అంతరించిన లోకం, దీనిలో మిగిలినది నిశ్శబ్దం మాత్రమే అని. ఆ నిశ్శబ్దానికి వేసవి ఒక కారణం. రెండవ కారణం చట్టం.

మూడవ తేదీ 1885. ఆ సంవత్సరం కెనడా ప్రభుత్వం చేసిన నిషేధం అమలులోనికి వచ్చినది. నిషేధింపబడినది ‘పాట్లాచ్’ అనే ఉత్సవం. వివాహం, నామకరణం, వారసత్వం, పెద్దల మరణం, ఇటువంటి సందర్భాలలో ఒక కుటుంబం ఇతర గ్రామాలవారిని పిలిచి, విందు చేసి, తమ వంశకథలను ముసుగు నృత్యాలుగా ఆడి చూపి, అతిథులకు బహుమానాలు ఇస్తుంది. బహుమానం పుచ్చుకొన్న అతిథి ఆ హక్కుకు సాక్షి. వ్రాత లేని సమాజంలో దస్తావేజు అదే. మన పెళ్ళిళ్ళలో తాంబూలం అందుకొన్న ప్రతివారూ ఆ పెళ్ళికి సాక్షులైనట్లే. ఎంత ఎక్కువ ఇస్తే అంత గౌరవం. కూడబెట్టినవాడు గొప్ప అని తలచే అధికారులకూ మిషనరీలకూ పంచిపెట్టినవాడు గొప్ప అనే ఈ పద్ధతి కేవలం దుబారాగా కనిపించినది. ఉత్సవంలో పాల్గొన్నవారికి రెండునుండి ఆరు నెలల కారాగారం అని చట్టం వ్రాసినారు.

జనం ఉత్సవాన్ని మానలేదు. అధికారులకు దూరంగా, చలికాలపు తుఫానుల చాటున జరుపుకొన్నారు. 1921 డిసెంబరులో విలేజ్ ఐలండ్ అనే ద్వీపంమీది మామలిలకుల్లా గ్రామంలో డాన్ క్రాన్మర్ అనే పెద్ద ఆ తీరంలో కనివిని ఎరుగనంత ఘనంగా పాట్లాచ్ జరిపినాడు. వార్త ప్రభుత్వ ఏజెంటుకు చేరినది. నలభై అయిదు మందిమీద కేసులు పెట్టినారు. ఉపన్యాసం ఇవ్వటం, నృత్యం చేయటం, బహుమానాలు మోసి అందించటం, ఇవి నేరాలు. ముసుగులను, రాగిపలకలను, ఉత్సవ సామగ్రిని ఊరంతా అప్పగిస్తే శిక్ష నిలిపివేస్తామని చెప్పినారు. అప్పగించినవారు ఇళ్ళకు పోయినారు. ఒప్పుకొననివారు సుమారు ఇరవైమంది, వారిలో స్త్రీలు కూడ, వాంకూవర్ నగరం చెంతనున్న ఓకాలా జైలుకు పోయినారు. వందలాది వస్తువులను అలర్ట్ బే అనే ఊరిలో చర్చికి చెందిన హాలులో బెంచీలమీద పరచి చూపి, పిదప ఒట్టావా, టొరంటో నగరాల మ్యూజియములకు పంపివేసినారు. కొన్నింటిని న్యూయార్కుకు చెందిన సేకర్త జార్జి హై కొనుక్కొన్నాడు.

ఇప్పుడు కాప్రీస్ పడవను ఈ తేదీల పక్కన నిలిపి చూడండి. ఆ తల్లీపిల్లలు గ్రామాలలో తిరిగినది 1921 తరువాతనే. జైలునుండి వచ్చినవారు ఇంకా బ్రతికే ఉన్నారు. ముసుగులు పోయిన పెట్టెలు ఆ ఇళ్ళలోనే ఎక్కడనో ఉన్నవి. అంతరించినదని తోచిన లోకం అంతరించలేదు. దాని నోరు మూయించినారు.

మరొక తేదీ దీనికన్న బాధాకరమైనది. 1920లో చేసిన చట్టసవరణవల్ల ఏడునుండి పదిహేనేళ్ళ ఆదిమజాతి పిల్లలు ప్రభుత్వ నిర్ణయం ప్రకారం బడికి పోక తప్పని స్థితి వచ్చినది. ఆ బడులలో అనేకం తల్లిదండ్రులకు దూరంగా ఉంచే వసతి పాఠశాలలు. 1929లో అలర్ట్ బేలో సెయింట్ మైకేల్స్ అనే పెద్ద ఇటుక భవనం లేచినది. అందులో పిల్లలు తమ భాష మాట్లాడితే శిక్ష. ఒకే సముద్రంమీద, ఒకే దశకంలో, ఒక తల్లి తన అయిదుగురు పిల్లలను పక్కన కూర్చుండబెట్టుకొని, పటం చూపి, నక్షత్రాలు చూపి చదువు చెప్పుకొన్నది. ఎవరూ ఆమెను ఆపలేదు. ఆమె పడవ సాగిపోయిన ఒడ్డున ఉన్న తల్లులకు ఆ హక్కు లేదు. ఈ భేదం ఆమె చేసినది కాదు. కాని దానిని ప్రక్కకు నెట్టి ఆ తీరయాత్రను కేవలం స్వేచ్ఛాగానంగా చదువుకొంటే మనం సగమే చదివినవారమవుతాము. ఆ బడి 1970ల నడుమ మూతబడినది. 2008 జూన్ 11న కెనడా ప్రధానమంత్రి పార్లమెంటులో ఈ బడుల విషయమై క్షమాపణ చెప్పినాడు. 2015లో ఆ ఇటుక భవనాన్ని, అందులో చదివినవారు నిలిచి చూస్తూ ఉండగా, పడగొట్టినారు.

ఇక చివరి తేదీలు తిరుగు ప్రయాణానివి. 1951లో చట్టాన్ని తిరిగి వ్రాసినప్పుడు పాట్లాచ్ నిషేధాన్ని వదలివేసినారు. రద్దు చేస్తున్నామని ఎవరూ చాటింపు వేయలేదు. ఆ వాక్యం కొత్త చట్టంలో కనిపించలేదు, అంతే. ఆ తరువాత క్వాక్వకావాక్వ పెద్దలు తమ వస్తువులను తిరిగి ఇమ్మని మ్యూజియములను అడగటం మొదలుపెట్టినారు. వస్తువులను ఉంచటానికి మ్యూజియములు కడితేనే ఇస్తామని షరతు వచ్చినది. కట్టినారు. 1979లో క్వాడ్రా ద్వీపంలోని కేప్ మజ్ గ్రామంలో ఒకటి, 1980లో అలర్ట్ బేలో ఒకటి తెరచినారు. రెండవదాని పేరు ‘ఉమిస్తా’. పూర్వం తెగల యుద్ధాలలో చెరపట్టబడినవారు విడుదలై ఇల్లు చేరితే వారికి ఉమిస్తా కలిగినదని అనేవారు. ముసుగులకు కూడ ఆ మాటనే వాడినారు. 2003లో ఫ్రెంచి రచయిత ఆంద్రె బ్రెతాన్ కుమార్తె తన తండ్రి సేకరణలోనున్న ఒక శిరోభూషణాన్ని స్వయంగా తెచ్చి అప్పగించినది. 2005లో బ్రిటిష్ మ్యూజియమువారు ఒక ముసుగును దీర్ఘకాలిక అరువుగా పంపినారు. తన వస్తువు తనకే అరువుగా వచ్చుటలోని చమత్కారం ఆ గ్రామస్థులకు తెలియకపోలేదు. అయినా ఆదరంతో పుచ్చుకొన్నారు.

తీరం కూడ తన చరిత్రను ఇటీవలనే కొంత చెప్పినది. 1995లో జాన్ హార్పర్ అనే భూవిజ్ఞాని విమానంలోనుంచి తీరాన్ని పరిశీలిస్తూ, ఆటు సమయంలో బయటపడే ఒడ్డులలో వందలకొలది రాతి వరుసలను గమనించినాడు. అవి ప్రకృతి పెట్టిన రాళ్ళు కావు. ఒడ్డు వాలును తగ్గించి, ఇసుక నిలిచేటట్లు చేసి, ఆల్చిప్పల పంట పెంచటానికి మనుషులు పేర్చిన గట్లు. శాస్త్రజ్ఞులకు ఇది కొత్త సంగతి. క్వాక్వాలా భాషలో మాత్రం ఆ తోటలకు ‘లోకివే’ అనే పేరు ముందునుంచే ఉన్నది. క్వాడ్రా ద్వీపంలోని కొన్ని గట్లు కనీసం 3,500 సంవత్సరాలనాటివని 2019లో ప్రకటించిన పరిశోధన తేల్చినది. వాంకూవర్ నావికులు తెడ్లు వేసినది ఈ తోటలమీదుగానే. కాప్రీస్ లంగరు వేసినది ఈ తోటల చెంతనే. ఆ పిల్లలు ఆల్చిప్పలు ఏరుకొన్న చోటులలో ఏదో ఒకటి ఎవరి ముత్తాతలో రాళ్ళు మోసి చేసిన మడి అయి ఉండవచ్చును. కళ్ళెదుట ఉన్నది కనిపించటానికి కళ్ళు చాలవు. ఆ చోటి మాట కూడ తెలియవలె.

ఇందువల్ల బ్లాంచెట్ పుస్తకం విలువ తగ్గినదని మేము అనబోము. పొగమంచులో పడవ నడిపిన నేర్పు, అయిదుగురు పిల్లలను ధైర్యంగా పెంచిన తల్లి నిబ్బరం, ఆటుపోట్లను చదివిన ఓపిక, ఇవి ఆ పుటలలో నిండుగా ఉన్నవి. ఆమె కాలంలో ఆమెకు తెలిసినంత ఆమె చూచినది. వేసవిలో వచ్చినవారికి వేసవి మాత్రమే కనిపిస్తుంది. చలికాలం మాట ఆ ఊరివారినే అడగవలె. విహారయాత్రలు వ్రాసినవారి గ్రంథాలను చరిత్రకు ఆధారంగా తీసికొనేటప్పుడు మనం అడగవలసిన ప్రశ్నలు ఇవి: ఈ ప్రయాణికుడు ఏ ఋతువులో వచ్చినాడు? అప్పుడు ఊరివారు ఎక్కడ ఉన్నారు? ఎందుకు ఉన్నారు?

మామలిలకుల్లా గ్రామం ఖాళీ అయినది. ఇరవయ్యవ శతాబ్దపు రెండవ భాగంలో గ్రామస్థులు అలర్ట్ బే మొదలైన చోట్లకు తరలిపోయినారు. పెద్ద ఇళ్ళ దూలాలమీద నాచు పెరిగినది. కాని ఆ ఊరినుండి కొనిపోబడిన ముసుగులలో చాలభాగం అలర్ట్ బేలో, ఉమిస్తా భవనంలో ఉన్నవి. వాటిని అమర్చిన తీరు గమనింపదగినది. ఉత్సవంలో ఏది ముందు వచ్చునో, ఏది పిదప వచ్చునో ఆ వరుసలోనే అవి నిలిచి ఉన్నవి. ఎక్కువభాగం వాటికి అడ్డంగా అద్దాల పెట్టెలు లేవు. ఒకమారు చెరలో ఉన్నవాటిని మరల పెట్టెలో పెట్టటం తగదని ఆ పెద్దలు నిర్ణయించుకొన్నారు.